నిమ్మకాయల మీద నడిచిన కారు

మా ఇంట్లో గడిచిన ఏళ్లను తారీకులతో చెప్పుకునే అలవాటు లేదు. కారు అప్పుడెక్కడుందో చెప్పుకునేవాళ్లం. తమ్ముడు బడిలో చేరినప్పుడు కారు ముందు వరండా ఎదుట ఉంది. నాకు పచ్చకామెర్లు అయినప్పుడు ఆగ్నేయ మూల తిరుగుతోంది. నా పెళ్లినాటికి వంటింటి కిటికీ దాటింది, అందుకే పెళ్లి ఫోటోల్లో వంటవాళ్ల వెనక దాని డిక్కీ కనిపిస్తుంది. బాపు చనిపోయిన ఏడు పడమటి గోడ పక్కన, జామచెట్టు నీడలో ఉంది. కారన్నాక తిరుగుతుంది కదా, ఇందులో వింతేముందని కొత్తవాళ్లు అడుగుతారు. ఆ కాలమంతా కారు చెడిపోయి ఉంది. దాని ఇంజిన్ చప్పుడు ఎట్లా ఉండేదో కూడా మరిచిపోయాం. అయినా అది దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి చుట్టూ మూడు వైపులు తిరిగి, నాలుగో వైపు మొదట్లో నిలబడింది.

పోయిన వానాకాలం తమ్ముడూ నేనూ కలిసి ఆ ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లకు ఇచ్చాం. దసరాలోపు జాగా ఖాళీ చేసి అప్పజెప్పాలన్నారు. అమ్మ పెట్టెలు, గిన్నెలు ఎల్బీనగర్‌లో నా ఫ్లాటుకు వచ్చాయి. బీరువా మీర్‌పేట్‌లో తమ్ముడింటికి పోయింది. కారు మిగిలింది. తుక్కు కొనేవాడు వచ్చి దాని చుట్టూ తిరిగి చూసి, ఇది బయటికి వచ్చేది కాదని, ఉన్నచోటే గ్యాసు కట్టరుతో కోసి ముక్కలు గోడ మీదుగా అందించుకుంటామని అన్నాడు. మాకూ అదే సబబుగా తోచింది. ఆ సాయంత్రం నల్లగొండ నుంచి అండాలత్త ఫోన్ చేసింది. అండాలత్త మా బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు, మా ఇంట్లో ఆ కారును నడపడం వచ్చిన ఒకే ఒక్క మనిషి.

"ఎవలనడిగి తుక్కోనికిస్తున్నరురా?" అంది.

"బయటికి రాదత్తా. ఎనకకు తీద్దామంటె మెట్లున్నయి, గోదామున్నది. ముంగటికి తీద్దామంటె కిరాయికున్న రాఘవరావు గారి బాత్రూమున్నది."

"మరి లోపటికెట్ల పోయింది?"

"నువ్వే నడిపినవ్."

"అయితె నేనే తీస్త," అంది అత్త. "ముక్కలు చేసినంక నాకు చెప్తె ఏం ఫాయిదా? ఒక్కసారి గేటు దాటనియ్యి. గేటు అవుతల మీరేమన్న చేసుకోండి."

తరువాత అసలు సంగతి చెప్పింది. ఎడమ కంటికి చూపు మసకబారుతోందట. లైసెన్సు గడువు ఈ దసరాతో అయిపోతుంది, ఇంకోసారి దాని మీద సంతకం పెట్టనని కంటి డాక్టరు చెప్పేశాడు. అప్పుడే మాకు తెలిసింది, అత్త తన డ్రైవింగ్ లైసెన్సును ఇన్నేళ్లుగా గడువు తప్పకుండా కొత్తది చేయించుకుంటూనే ఉందని. ఏడాదికి ఆరడుగులు నడపడానికి అది కావాలా అని చట్టం తెలిసినవాళ్లు నవ్వవచ్చు. అత్త భర్త నర్సింహ మామకైతే నవ్వు రాలేదు. అత్త లైసెన్సు ఆఫీసుకు పోయినప్పుడల్లా రేషన్ కార్డు పని మీద పోతోందని ఆయన నమ్ముతూ వచ్చాడు.

కారు కొన్నది బాపు. మాది పోచంపల్లి పక్క ఊరు, మగ్గాల ఇల్లు. బాపు నేత మాని దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక, ఊళ్లో ఇంటింటా తిరిగి చీరలు సేకరించి బస్సు మీద వేసుకొచ్చేవాడు. ఒకసారి వానకు మూటలు తడిసి ఎర్రరంగు తెల్లరంగులోకి దిగిపోయింది. ఆ బాధలో ఎవరో అమ్ముతున్న క్రీమ్ రంగు కారు, నాలుగు తలుపులది, కొనేశాడు. నడపడం మాత్రం నేర్చుకోలేదు. స్టీరింగ్ ముందు కూర్చుంటే తనకు కాళ్లు రెండున్నాయో మూడున్నాయో తెలియదనేవాడు. పెట్టుకున్న డ్రైవర్లేమో వారం తిరగకుండా మానేసేవారు, ఎందుకంటే బాపు ఎడమ సీట్లో కూర్చుని ఎదురుగా కనబడినదల్లా పైకి చదివేవాడు. "బర్రె. సైకిలు. ముసలామె, ఆగింది. లేదు, నడుస్తున్నది. మళ్ల బర్రె." దిల్‌సుఖ్‌నగర్ నుంచి పోచంపల్లి దాకా ఇదే పారాయణం. ఏ డ్రైవరు భరిస్తాడు? చివరికి అప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న అండాలత్త, పక్కింటి టాక్సీ పెద్దాయన దగ్గర సరూర్‌నగర్ మైదానంలో నేర్చుకుంది. అన్న చదువుతుంటే ఆమెకు చిరాకు రాలేదు. పైగా అలవాటైపోయి, బాపు ఎప్పుడైనా కునుకు తీస్తే భుజం తట్టి, "చదువు అన్నా, ఏమున్నయి ముంగట," అని అడిగేది.

ఆ ప్రయాణాల వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఎండకు కాగిన రెక్సిన్, గంజి పెట్టిన కొత్త చీరలు, పొద్దున బాపు వెలిగించిన ఊదుబత్తి, అత్త తలకు పెట్టుకున్న కొబ్బరినూనె. నేను వెనక మూటల మధ్య ఒదిగి, రెండు మైలురాళ్ల మధ్య చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో మనసులోనే కట్టేవాణ్ని. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. నాకు వచ్చిన లెక్క, రంగులద్దే ముందు పోగులకు చిటికీ ముడులు కట్టే మా తాత దగ్గర వచ్చింది. ఎన్నో పోగు దగ్గర ముడి వేస్తే చీర నేసినాక పువ్వు ఎక్కడ తేలుతుందో తెలిసినవాడికి మిగతావన్నీ తేలికే. ఇప్పుడు ఎల్బీనగర్‌లో పరదాలు కుట్టించే దుకాణం నడుపుతున్నాను. జేబులో టేపు లేకుండా గుడికి కూడా పోను.

అత్త పెళ్లి ఆ కారుకు కీడు తెచ్చింది. అప్పగింతలు అయ్యాయి, అందరూ ఏడ్చారు, ఏడుపు కూడా అయిపోయింది, కిరాయికి మాట్లాడిన డ్రైవరు రాలేదు. ముహూర్తం దాటితే గృహప్రవేశం మర్నాటికి పోతుందని పెళ్లివారు తొందరపెట్టారు. అత్త నుదుటి మీద బాసింగం అట్లాగే ఉంచుకుని, పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. నర్సింహ మామ తలపాగాతో పక్కన కూర్చున్నాడు. వెనక బాపు, నేను, అత్త అత్తగారు. బాపు అలవాటు కొద్దీ చదవడం మొదలుపెట్టాడు. నల్లగొండ దారిలో వాళ్ల ఊరొచ్చేసరికి సన్నాయి వాళ్లు సిద్ధంగా నిలబడి ఉన్నారు. పెళ్లికూతురు డ్రైవరు తలుపు తీసుకుని దిగేసరికి సన్నాయి ఆగిపోయింది. అత్తగారు కారు దిగి, గడప దగ్గర హారతి పళ్లెం అందుకుని, "ఇగ చాలు బిడ్డా, చేరుకున్నవ్," అని ఒక్క మాటే అంది. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో అత్త డ్రైవింగ్ ముగిసింది. కారును ఎవరో తెచ్చి మా ఇంటి ముందు పెట్టిపోయారు.

బాపు దాన్ని అమ్మలేదు. ప్రతి దసరాకు మగ్గం మీద పోగు నడిపే నాడెను తెచ్చి దాని డ్యాష్‌బోర్డు మీద పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేవాడు. బండి పూజన్నాక ఆ నిమ్మకాయలను బండి తొక్కాలి. ఇంజిన్ రెండో ఏటికే మొరాయించింది. తొక్కని నిమ్మకాయలు అలాగే వదిలేస్తే పూజ పూర్తి కాదు. కాబట్టి ఇంట్లో మగవాళ్లందరం వెనక చేరి నూకేవాళ్లం. బతుకమ్మకు పుట్టింటికొచ్చిన అత్త, జమ్మి ఆకు పంచేదాకా ఉండేది కాబట్టి, ఆమె స్టీరింగ్ పట్టేది. నిమ్మకాయ దాటడానికి జానెడు చాలు. కానీ పండుగ పూట తిని ఉన్న మగవాళ్లు జానెడు నూకి ఆగరు. చక్రం ఇంచుమించు ఒక చుట్టు తిరిగేది. మళ్లీ వెనక్కి నూకుదామంటే బాపు ఒప్పుకునేవాడు కాదు. "పూజ చేసిన బండి ఎనకకు పోతె ఇంట్ల లక్ష్మి ఎనకకు పోతది," అనేవాడు. అందుకని కారు ప్రతి దసరాకు ఒక చుట్టు ముందుకు పోయి, అక్కడే మరుసటి దసరా దాకా ఉండేది.

జాగా కొన్నప్పుడు ఆ వైపంతా ద్రాక్షతోటలు. బాపు ఇంటిని నడుమ కట్టి నాలుగు వైపులా ఖాళీ వదిలాడు. కారు కదిలాక వెనక ఖాళీ అయిన జాగా చూస్తే మాత్రం ఆయనకు చేతులు ఊరుకునేవి కావు. మొదట కారున్న చోట పైకి మెట్లు కట్టించాడు. కారు దక్షిణం వైపు తిరగ్గానే మెట్ల పక్కన చీరల గోదాము లేచింది. వంటింటి కిటికీ దాటగానే అక్కడ కిరాయి గది. ముందు కారు పోతుంటే వెనక ఇల్లు తోకలా పెరుగుతూ వచ్చింది. మూల తిరిగిన రెండు మూడేళ్లు మరీ వింతగా గడిచాయి. అప్పుడు కారు దారికి అడ్డంగా నిలిచేది. పెరట్లోకి పోవాలంటే ఎడమ తలుపు తీసి ఎక్కి, సీటు మీదుగా జరిగి, కుడి తలుపులోంచి దిగాలి. పాలామె క్యాను ఒళ్లో పెట్టుకుని అట్లాగే పోయేది. అమ్మ ఒడియాలు ఆరబెట్టడానికి బానెట్ వాడుకునేది. ఒకసారి దూరపు చుట్టం ఒకాయన చేతులు కడుక్కోవడానికి పోతూ, దారి నడుమ ఆ సీట్లోనే కూర్చుని నిద్రపోయాడు. ఇంటివాళ్లెవరికీ ఇందులో ఏ తప్పూ కనిపించలేదు. నేను మాత్రం ఒకసారి బాపుకు చెప్పాను, ఇదే లెక్కన పోతే కారు ఇల్లు చుట్టి మళ్లీ గేటుకే వస్తుందని, ఉత్తరం వైపు ఏమీ కట్టొద్దని. బాపు కొంచెంసేపు ఆలోచించి, "అప్పటికి చూద్దాం," అని ఉత్తరం గోడకు కిరాయిదారు బాత్రూమ్ కట్టించాడు.

మూసారాంబాగ్ నుంచి మహమూద్ భాయ్ అనే మెకానిక్‌ను పిలిపించాను. ఎంత చెడిపోయిన బండినైనా రేపటికి నడిపిస్తానని చెప్పి నెలరోజులు చేసే రకం. ఈయన బానెట్ తెరవగానే ఎలుకల గూడు బయటపడింది. అది మొత్తం పట్టు పోగులతో కట్టింది, మా గోదామువే. నాకు రంగులు కూడా గుర్తొచ్చాయి. ప్లగ్గులు తీసి లోపల నూనె పోసి కొన్నాళ్లు నానబెట్టాడు. ట్యాంకు తుప్పుపట్టి జల్లెడ అయ్యింది, దాన్ని వదిలేసి ముందు ఒక ప్లాస్టిక్ సీసా వేలాడదీసి, దానికి పైపు పెట్టాడు. బ్రేకులు, టైర్లు మార్చాడు. చక్రాలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. ఏడాదికోసారి నూకిన పుణ్యం అది.

"సాబ్, ఇంజిన్ జిందాగనే ఉన్నది," అన్నాడు మహమూద్ భాయ్ ఒక మధ్యాహ్నం, చేతులు తుడుచుకుంటూ. "గీ స్టీరింగే ఏక్ తరఫ్ అయింది. కుడికి తిరుగుతది, మళ్ల సీదాకొస్తది. ఎడమకు రమ్మంటె రాదు."

"ఎందుకు రాదు?"

"మీరు ఎప్పుడన్న ఎడమకు తిప్పిండ్రా?"

తిప్పలేదు. ఇల్లు కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడమే కదా మేము చేసింది. తుప్పుకు కూడా ఆ సంగతి తెలిసిపోయింది. ఆ సామాను ఇప్పుడు దొరకడం కష్టమని, వెతికితే సంక్రాంతి దాటుతుందని అన్నాడు. అత్త చూపు ఎడమన మసక, కారు ఎడమకు తిరగదు. నర్సింహ మామ ఆ వార్త విని, "ఇద్దరు సరిపోయిండ్రు," అన్నాడు. అత్తకు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దాకా నడపాలని ఆశ. మొదట కొన్నప్పుడు బాపు కారుకు అక్కడే పూజ చేయించాడు. నేను దారులన్నీ గీసి చూశాను. ఒక్క ఎడమ మలుపు కూడా లేకుండా గుడికి పోయే దారి లేదు. ఎప్పుడూ కుడికే తిరిగేవాడు ఎటు బయల్దేరినా ఇంటికే వస్తాడు.

ఇక మిగిలింది బాత్రూమ్. కిరాయికున్న రాఘవరావు గారు గుంటూరు వైపు మనిషి, నెలాఖరుకు ఎట్లాగూ ఖాళీ చేస్తున్నారు. అయినా ఆయనకు ఈ పద్ధతి నచ్చలేదు.

"ఏవండీ, నాకు తెలీక అడుగుతాను. కారు కోసం బాత్రూమ్ పగలగొట్టడమేంటండీ? బాత్రూమ్ కోసం కారు పగలగొట్టుకోవచ్చు కదా, ఎవరైనా చేసేది అదేగా."

"ముప్పై ఏండ్లకెల్లి ఒస్తున్నదండీ ఆ కారు," అంది అత్త. ఆమె అప్పటికే నల్లగొండ నుంచి దిగి, వరండాలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. "మీ బాత్రూమ్ నిన్న మొన్న కట్టింది."

"ఇంకా ఏడెనిమిది దసరాలకు ఎట్లాగూ చేరేదే," అన్నాను నేను, ఆయనకు ధైర్యం చెబుదామని. నా టేపు లెక్క ప్రకారం గేటు అంత దూరంలో ఉంది.

రాఘవరావు గారు మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూశారు. చివరికి ఒక షరతు పెట్టారు, తన స్నానం అయ్యాకే గోడ మీద చెయ్యి వేయాలి. ఆదివారం పొద్దున కూలీలు గడ్డపారలతో బయట నిలబడి ఉంటే, లోపల ఆయన నింపాదిగా పూర్తి స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, "ఇక కొట్టుకోండి," అన్నారు. మా ఉత్తరపు గోడ పక్కన నేల చాలాకాలం తర్వాత ఎండ చూసింది. గేటు దగ్గర ఈశాన్యంలో నీళ్ల సంపు ఉంది, దాని మూత కారు బరువు మోస్తుందో లేదో నాకు నమ్మకం కుదరలేదు. మందపాటి పలకలు తెప్పించి చక్రాలు పోయే చోట అడ్డంగా పరిచాను. వాటిమీద ముందు నేను నడిచాను, తరువాత మామను నడవమన్నాను.

"నేనేమన్న తూకపు రాయినా?" అన్నాడు మామ. అని, నడిచాడు.

దసరా ఇంకా వారం ఉన్నా అత్త నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. నాడెను డ్యాష్‌బోర్డు మీద పెట్టి, చెప్పులు విడిచి ఎక్కింది. వెనక మామ, ఆయన ఒళ్లో గుడికని తెచ్చిన కొబ్బరికాయ. బయల్దేరబోతుండగా రాఘవరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, బాత్రూమ్ పోయినవాణ్ని, నాకూ హక్కుందని మామ పక్కన ఎక్కారు. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. మహమూద్ భాయ్ తాళం తిప్పమని సైగ చేశాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గింది. మూడోసారి ఇల్లంతా పొగ నిండి, ఆ చప్పుడు వచ్చింది. మరిచిపోయాననుకున్న చప్పుడు. వీపుకు మూటలు ఆనుకున్నట్టు అనిపించింది.

అత్త గేరు వేసింది. "నాకు గీ పక్క ఏం కనవడతలేదు," అంది మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. "చదువురా."

చదవడం మొదలుపెట్టాను. పలక. సంపు. గేటు, ఎడమ రెక్క జానెడు దూరం. నిమ్మకాయలు నాలుగూ ఒక్కసారే చితికాయి, వాసన లోపలికొచ్చింది. గేటు దాటాం. కుడి. పాల వ్యాను. స్కూటీ, ఆగింది. లేదు, కదులుతున్నది. కుడి. హాస్టల్ పిల్లలు, బ్రష్షులు నోట్లో పెట్టుకుని చూస్తున్నరు. స్పీడ్ బ్రేకర్. కోచింగ్ సెంటర్ బోర్డు, దాని కింద కుక్క, పడుకున్నది. కుడి. దూరంగా మెట్రో పోయింది, అది చదవలేదు, మనకు అడ్డం రాదు కదా. కుడి. మళ్లీ కుడి తిరిగితే మా గేటు. అక్కడ మహమూద్ భాయ్, కూలీలు దారి వదిలి నిలబడ్డారు. అత్త ఆపలేదు.

"ఇల్లొచ్చిందత్తా."

"తెలుసు. చదువు."

రెండో చుట్టులో మామ వెనక నుంచి, "ఇదేంది, ప్రదక్షిణలా?" అన్నాడు.

"గుడికి పోనియ్యదాయె. ఇక్కడ్నే చేసుకుంట."

"నేనెప్పుడన్న నడపొద్దన్ననా నిన్ను?" అన్నాడు మామ, ఎవరూ అడగకుండానే.

"నడుపుమని ఎప్పుడన్నవ్?" అంది అత్త. చేతులు స్టీరింగ్ మీద, చూపు ముందుకు. మామ కొబ్బరికాయ పీచు పీకుతూ కూర్చున్నాడు. మూడో చుట్టులో ఆయనే కుడి కిటికీలోంచి తల బయటపెట్టి, "స్కూటరాయనా, జర పక్కకు జరుగు, మా ఆమె ఒస్తున్నది," అని అరిచాడు. ఆ మాటకు అత్త అద్దంలో ఆయన వైపు ఒకసారి చూసింది. రాఘవరావు గారు ఎడమ కిటికీ పనికి కుదురుకున్నారు. ముందు నేను, వెనక వాళ్లిద్దరు, ముగ్గురం రెండు యాసల్లో వీధిని చదువుతూ పోయాం.

సీసాలో పెట్రోలు ఒక చుట్టుకు లెక్కగట్టి, జాగ్రత్తకని నాలుగింతలు పోయించాను. అత్త ఆ జాగ్రత్తనంతా నడిపేసింది. నాలుగో చుట్టు ఆఖర్న, గేటు ఎదురుగా కనబడుతుండగా ఇంజిన్ ఒకసారి వణికి ఆగిపోయింది. గేటుకు చిన్న దూరమే మిగిలింది. దిగి చూశాను. టేపు తీయాల్సిన పని లేకపోయింది, చక్రం ఒక చుట్టు. మేము వెనక్కి చేరాం, మామ, రాఘవరావు గారు, మహమూద్ భాయ్, నేను. అత్త దిగలేదు, స్టీరింగ్ పట్టుకుని మా కోసం ఎదురుచూసింది. దసరా రోజు నూకినట్టే నూకాం.

గేటు అవతల ఏమైనా చేసుకోమన్నది ఆమే. అయినా ఆ తరువాత తుక్కువాడికి ఫోన్ చేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. లారీ మీద ఎక్కించి ఎల్బీనగర్‌లో నా ఫ్లాటు కింద పార్కింగుకు తెచ్చాం. అక్కడ బాపు వదిలినంత ఖాళీ ఎక్కడిది? మా వంతుకు ఒక గీతల పెట్టె ఉంది, ఎదురుగా గోడ, గోడ మీద నా ఫ్లాటు నంబరు. ఆ ఇంట్లో ఏడాదికి ఒక చుట్టు నూకినా ముప్పై ఏళ్లకు పైగా జాగా సరిపోయింది. ఇక్కడైతే రెండో దసరాకే ముక్కు గోడకు తగులుతుంది. లారీ వాళ్లు కారును పెట్టె నడుమ దించబోతే అత్త అడ్డం వచ్చింది.

"నడుమ పెట్టకుండ్రి. బాగ ఎనకకు పెట్టుండ్రి. ముంగట జాగా ఉండాలె."

పూర్తిగా వెనక్కి, గీత మీదికి పెట్టించాను. టేపు తీసి, కారు ముక్కు నుంచి గోడ దాకా కొలిచాను. చుట్టు కాక జానెడే నూకితే, నిమ్మకాయ చితికేంత మాత్రమే, ఎన్నిసార్లు వస్తుందో మనసులో కట్టాను. అత్త నా పెదవులు కదలడం చూసింది.

"ఎన్ని దసరాలొస్తయిరా?"

"మనకు సరిపోతయత్తా."

"మీ మామకు?"

"ఆయనక్కూడ."

"ఆయనకు ముందు చెప్పు మరి," అంది అత్త. "జానెడు నూకి ఆగుడు ఆయనకు రాదు. ఇప్పటిసంది నేర్చుకోవాలె."